పంపులు ఆపిన పావుగంట

ఆదివారం వంట అయిపోగానే హైమవతి ఇంట్లో మెయిన్ స్విచ్ దించేసేది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగేది. ఫ్రిజ్ ఒకసారి గుర్రుమని ఊరుకునేది. భర్త శ్రీకర్ లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని బాల్కనీలో కూర్చునేవాడు. ఎనిమిదేళ్ల కూతురు చిన్మయి హాలు చివర చాప మీద వెల్లకిలా పడుకునేది. కదలకూడదు, అంతే. అది ఆ పిల్ల వంతు పని.

"అమ్మా, ఊపిరి తీసుకోవచ్చా?"

"తీసుకో. మాట్లాడకు."

హాలు ఈ చివర చెక్క స్టాండు మీద చిటికెన వేలి గోరంత స్ఫటికాలు మూడు ఉండేవి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, మూడోది ముందుకు చూస్తూ. వాటికి కరెంటు తీగ లేదు. వెంట్రుకలాంటి గాజు దారం మాత్రం ఒకటి బాల్కనీ దాకా పోయేది. ఆ దారంలోంచి వెలుతురు వెళ్లి, స్ఫటికాల్లో తిరిగి, వెనక్కి వచ్చేది. చుట్టుపక్కల విద్యుత్ క్షేత్రం ఏదైనా కదిలితే స్ఫటికంలో ఆ వెలుతురు నడక రవ్వంత మారుతుంది. ఆ రవ్వంతే కొలత.

హైమవతి ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో. సెల్ టవర్ల దగ్గర, హైటెన్షన్ లైన్ల కింద క్షేత్రాన్ని కొలిచే ప్రోబులు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించడం ఆమె పని. ఆ ప్రోబుల్లో లోహం ఉంటుంది. లోహం పెట్టినచోట క్షేత్రం వంగుతుంది. టవర్ల దగ్గర ఆ వంపు ఎవరికీ పట్టదు. కానీ ఆమె సొంతంగా వెతుకుతున్నది చాలా చిన్న క్షేత్రం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మనిషి ఒంటి చుట్టూ పుట్టి, మరుక్షణం పోయేది. దాన్ని పట్టుకోవాలంటే చెదరగొట్టకుండా చూడగలిగే ప్రోబు కావాలి. అందుకే గాజు, అందుకే వెలుతురు.

"వస్తోంది," అన్నాడు శ్రీకర్ బాల్కనీలోంచి. ఆ గొంతు విని ఆమె పరుగున వెళ్లింది. తెర మీద చిన్న చిన్న శిఖరాలు వరసగా కదులుతున్నాయి. హాలు అవతల పడుకున్న కూతురి గుండె అది. ఎవరూ ఆ పిల్లను తాకలేదు.

అంతలో పక్కింటివాళ్లు మిక్సీ వేశారు. తెరంతా గీతలు గీతలుగా నిండిపోయింది. చిన్మయి గుండె ఆ రొదలో ఎక్కడుందో కనిపించలేదు.

తర్వాత ఏడాదిన్నర ప్రయోగశాలలో ఆ పని మీదే గడిచింది. తోడు ఇలియాస్ ఉండేవాడు. గాజు దారాలు అతికించడంలో మంచి నేర్పున్న ఇంజనీరు. మూడు స్ఫటికాల్లో ఏది ఎంత చూపిస్తుందో పోల్చి, గుండె ఏ దిక్కున ఉందో చెప్పడం అతని ఆలోచనే. మూసేసిన ఒక బొగ్గు గనిలోకి దిగి, ఇలియాస్ బొగ్గు గోడ అవతల కూర్చుంటే ఇవతల నుంచి అతని గుండెను పట్టుకున్నారు. బొగ్గు పొరలో ఆ క్షేత్రం త్వరగా చచ్చిపోకుండా చాలా దూరం పాకుతోందని అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఒక సభలో చెప్పి ఊరుకున్నారు. ఇంకా పరీక్షించాల్సింది చాలా ఉంది.

రేకులగూడెం గని నుంచి ఫోను వచ్చేసరికి ఆమె చిన్మయికి జడ వేస్తోంది.

*

గోదావరి అవతల రేకులగూడెంలో మూడో బాయి పైకప్పు కూలింది. ఆ ప్రాంతంలో గనిని బాయి అంటారు. నలుగురు లోపల ఉండిపోయారు. కూలిన చోట ఎక్కడిదో పాత నీళ్ల మడుగు పగిలి, బాయిలోకి నీళ్లు దిగుతున్నాయి. హైమవతి, ఇలియాస్ జీపు దిగేసరికి పెద్ద పంపులు రెండు హోరుమంటున్నాయి. ఆ హోరులో మాట వినబడాలంటే చెవి దగ్గరికి వెళ్లాలి. బాయి ముందు రేకుల షెడ్డు కింద లోపలున్నవాళ్ల ఇంటివాళ్లు కూర్చున్నారు.

రక్షణ దళం పెద్ద జనార్దన్ వాళ్లను ఒక పక్కకు తీసుకెళ్లాడు. యాభై దాటిన మనిషి, తండ్రి కూడా అదే గనిలో పనిచేశాడట.

"బాయి వాలుగా ఉంటది మేడం. పై వైపు రెండు గదులు, కింది వైపు రెండు గదులు. వాళ్లు ఎటు ఉరికిన్రో తెల్వది. బోరు ఎక్కడ వెయ్యాల్నో మీ మిషిను చెప్తదా?"

"చెప్పొచ్చు. కానీ మీ పంపులు ఆపాలి. ఫ్యాన్లు, లైట్లు, అన్నీ. మోటారు ఒక్కటి తిరుగుతున్నా నాకేం కనబడదు."

జనార్దన్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఎంతసేపు?"

"పావుగంట."

"పావుగంటల జానెడు నీళ్లు ఎక్కుతయి."

అయినా ఒప్పుకున్నాడు. వేరే దారి లేదు. ఇలియాస్ సన్నటి పాత బోరులోంచి ప్రోబును కిందికి దించాడు. పంపులు ఒకటి తర్వాత ఒకటి ఆగాయి. ఆ నిశ్శబ్దానికి షెడ్డులోని ఆడవాళ్లు ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు. పంపు ఆగిందంటే ఇక అయిపోయిందనుకున్నారు వాళ్లు.

తెర మీద మొదట ఏమీ లేదు. తర్వాత ఒక శిఖరం, ఇంకొకటి. ఒకదానితో ఒకటి కలవని నాలుగు వరసలు. ఇలియాస్ దిక్కులు విడదీశాడు. రెండు పై వైపు. రెండు కింది వైపు.

"నలుగురూ ఉన్నారు," అంది హైమవతి.

జనార్దన్ షెడ్డులోకి పోయి చెప్పాడు. ఒకావిడ అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. ఇంకొకావిడ నేరుగా హైమవతి దగ్గరికి వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి. పేరు స్వరూప. ఆమె భర్త ఓదెలు కోల్ కట్టరు, బొగ్గు కొట్టేవాడు.

"మేడం, గా నలుగురిట్ల మా ఆయనది ఏది?"

"పేర్లు తెలియవమ్మా. గుండె కొట్టుకుంటోందని మాత్రం తెలుస్తుంది."

"మా ఆయన గుండె ఒక్కోసారి ఒక దెబ్బ తప్పుతది. దవాఖానల డాక్టరు చెప్పిండు. భయం లేదన్నడు."

హైమవతి దాచిపెట్టిన గీతల్ని మళ్లీ చూసింది. కింది వైపు ఉన్న రెండింట్లో ఒకటి నాలుగైదు కొట్టుకుని ఒకటి వదిలేస్తోంది.

"ఇదిగో. ఇక్కడ తప్పింది, చూడు."

స్వరూప తెరకు దగ్గరగా వంగింది. "గిదే," అంది. "రాత్రిళ్లు చెవి ఆనిచ్చి వింటుంటి. గిట్లనే."

*

పై వైపు బోరు తగిలింది. అన్నం, నీళ్లు పంపారు. తర్వాత పెద్ద బోరు వేసి, ఆ ఇద్దర్నీ, తిరుపతినీ సమ్మయ్యనీ, పైకి లాగారు. కళ్లకు గంతలు కట్టి స్ట్రెచర్ల మీద మోసుకొస్తుంటే బాయి ముందున్న జనం చేతులు జోడించారు. పత్రికలవాళ్లు హైమవతి ఫొటోలు తీసుకున్నారు. శ్రీకర్ ఫోను చేసి, "నువ్వు టీవీలో కనబడ్డావు, చిన్మయి ఎగిరి గంతేసింది" అన్నాడు. ఇంకా ఇద్దరు లోపలే ఉన్నారని ఆమె అతనికి చెప్పింది.

కింది వైపు ఓదెలు, లింగయ్య. అక్కడికి బోరు వేయడానికి వీల్లేదు, పైన కూలిన రాయి కదులుతోంది. పంపులతో నీళ్లు తోడుతూ, దారి తేలగానే రక్షణ దళం నడిచి లోపలికి వెళ్లాలి. నీళ్ల మట్టం తగ్గుతోంది గానీ మెల్లగా. ఓదెలు తల్లి రాజవ్వ షెడ్డు స్తంభానికి ఆనుకుని కూర్చుని, ఎవరు వచ్చినా "పంపులు నడుస్తున్నయా బిడ్డా" అని అడిగేది. చూపు సరిగా ఆనదు. చెవులతోనే కనిపెట్టుకుని ఉండేది.

హైమవతి రోజూ ఆ షెడ్డుకు పోయి కూర్చునేది. చేయడానికి పని లేదు. పంపులు నడిచినన్నాళ్లూ ఆమె ప్రోబుకు ఏమీ కనబడదు. స్వరూప పక్కన కూర్చుని ఓదెలు గురించి చెప్పేది. కూరలో చింతపండు ఎక్కువైతే అలిగేవాడని, ఈ మధ్యే ఈత నేర్చుకుంటానని వాగుకు పోయి ముక్కులోకి నీళ్లు ఎక్కించుకుని వచ్చాడని. లింగయ్య భార్య కనకమ్మ మాత్రం మాట్లాడేది కాదు.

గని పై అధికారి నరహరిరావు వచ్చింది ఆ తర్వాతే. ఆయన ఒకసారి బాయిలోకి దిగి, పైకప్పు చూసి వచ్చాడు. దళాన్ని పిలిచాడు.

"నీళ్లు నడుము దాకా తగ్గాయి, నిజమే. కానీ ఆ రాయి ఎప్పుడు పడుతుందో తెలియదు. పన్నెండు మందిని దించమంటారు. లోపల శవాలున్నాయో మనుషులున్నారో తెలియకుండా ఎట్లా దించమంటారు? ప్రాణం ఉందని చూపించండి, దించుతాను. లేదంటే రాయికి ఆధారాలు కట్టేదాకా ఆగాలి. దానికి వారం పడుతుంది."

"చూపించాలంటే పంపులు ఆపాలె సార్," అన్నాడు జనార్దన్. "ఆపితే నీళ్లు మళ్లీ ఎక్కుతయి. పోయినసారి కంటె ఊట ఎక్కువైంది. వాళ్లు కూసున్న జాగ ఎంత ఎత్తున్నదో మనకు తెల్వది."

"మరి నేనేం చేయను జనార్దన్? ఆ పన్నెండు మందికీ ఇళ్లున్నాయి."

అది అబద్ధం కాదు. హైమవతికి ఆయన మీద కోపం తెచ్చుకోవాలని ఉన్నా రాలేదు. ఏమీ ఆపకుండా, "నాకు తెలుసు, ఉన్నారు" అని చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. దళంలోని కుర్రాళ్లు బూట్ల లేసులు ముడేసుకుంటూ ఆమె వైపే చూస్తున్నారు. చెప్పలేకపోయింది.

జనార్దన్ ఇంటివాళ్లను అడిగి వస్తానని నరహరిరావుకు చెప్పి, హైమవతిని వెంటబెట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాడు. స్వరూపను, కనకమ్మను పిలిపించాడు. దాచకుండా చెప్పాడు. పంపులు ఆపి గుండెలు వింటే నీళ్లు పెరుగుతాయి. వినకపోతే వారం దాకా ఎవరూ దిగరు.

"మీ మనుషులు వాళ్లు. మీరేమంటరు?"

కనకమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్ను అడగకు అన్నా. నాకేం తెల్వది. నన్ను అడగకు."

స్వరూప హైమవతి చేయి పట్టుకుంది.

"వారం దాకా బతుకుతడా మేడం?"

"అన్నం లేకుండా ఇన్ని రోజులైంది. కష్టం, స్వరూపా."

స్వరూప పంపుల వైపు చూసింది. "అయితే వినుండ్రి," అంది. "మా ఆయన ఉన్నడు. మీకు కనబడితే వాళ్లు పోతరు. వినుండ్రి."

*

పంపులు ఆపారు. రాజవ్వ స్తంభం దగ్గర నుంచి "ఏమైంది, ఏమైంది" అని కేక వేసింది. స్వరూప పోయి ఆమె పక్కన కూర్చుంది.

ఇలియాస్ చేతులు చకచకా కదులుతున్నాయి. తెర తేటపడింది. కింది వైపు ఒకే ఒక్క వరస కనబడింది. హైమవతి రెండోదాని కోసం చూసింది. మూడు స్ఫటికాలనూ విడివిడిగా చూసింది. లేదు. ఉన్న ఒక్కటీ వేగంగా కొట్టుకుంటూ, మధ్యలో ఒక దెబ్బ వదిలేసి, మళ్లీ అందుకుంటోంది.

"ఓదెలు ఉన్నాడు," అంది. "ఒక్కడే ఉన్నాడు."

నరహరిరావు తెర వైపు చూసి, తలూపి, దళం వైపు చేయి ఊపాడు. "దిగండి." ఆ మాట అనడానికి ఆయన ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు. పన్నెండు మందీ లోపలికి నడిచారు.

కనకమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె హైమవతి ముఖం చూసి, అక్కడి నుంచి లేచి, కొంగు నోట్లో కుక్కుకుని రోడ్డు వైపు నడుచుకుంటూ పోయింది.

"పంపులు వెయ్యి," అరిచాడు జనార్దన్.

మొదటిది అందుకుంది. రెండోది దగ్గి ఆగిపోయింది. మళ్లీ వేశారు. మళ్లీ ఆగింది. పైపులో గాలి చేరిందన్నారు. మనుషులు దాని మీద పడి విప్పుతున్నారు, నీళ్లు పోస్తున్నారు. ఒక్క పంపు ఊటకు సరిపోవడం లేదు. హైమవతి తెర ముందు నుంచి లేవలేదు. మొదటి పంపు మోటారు క్షేత్రం తెరనంతా కప్పేసింది. ఆ గీతల కింద ఓదెలు గుండె కొట్టుకుంటూనే ఉండవచ్చు. ఆమెకు తెలియడం లేదు. దాన్ని చూడాలంటే ఉన్న ఒక్క పంపునూ ఆపాలి.

"మేడం, లేవండి," అన్నాడు ఇలియాస్. ఆమె లేవలేదు.

రెండో పంపు చివరకు అందుకుంది. అప్పటికి చాలా ఆలస్యమైంది. సగం దారిలో ఆగిన దళం, నీళ్లు కాస్త తగ్గాక, మెడ లోతులో ఆ గది దాకా చేరింది. ఓదెలు పైకప్పుకు తగిలేంత ఎత్తులో ఒక దుంగ మీద ఉన్నాడు. నీళ్లు ఎక్కినప్పుడు అతని మీది నుంచి పోయాయి. మోసుకొచ్చేటప్పటికి ఒళ్లింకా మెత్తగానే ఉంది. లింగయ్య అంతకుముందే పోయినట్టుంది, అతన్ని ఓదెలు తన చొక్కాతో దుంగకు కట్టి ఉంచాడు, కొట్టుకుపోకుండా.

*

దహనం అయ్యాక హైమవతి, ఇలియాస్ కార్మికుల కాలనీలో ఓదెలు ఇంటికి వెళ్లారు. రెండు గదుల క్వార్టరు. లోపలి గదిలో రాజవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. స్వరూప వాళ్లను పెరట్లోకి తీసుకుపోయింది. ఒక బక్కెట్టు బోర్లించి హైమవతిని కూర్చోమంది. తను నిలబడే ఉంది.

"మీరు విన్నప్పుడు ఉన్నడు కదా."

"ఉన్నాడు."

"పంపు మొదలువెట్టినంక?"

"అప్పుడిక నాకు కనబడదమ్మా."

"భయపడ్డడా?"

"గుండె వేగంగా కొట్టుకుంది. పంపు ఆగడం అతనికీ తెలిసి ఉంటుంది."

స్వరూప తల ఊపింది. ఏడవలేదు. పెరటి గోడ మీద ఎండేసిన అత్త చీర తీసి, మడత పెట్టింది. మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది.

"మా అత్త ఒక్కటే మాట అంటున్నది. పంపు ఎవలు ఆపమన్నరు, ఎవలు ఆపమన్నరు. ఆపకపోతే లోపలికి ఎవలూ పోకపోతుండె అంటే ఆమెకు సమజ్ అయితలేదు." గొంతు తగ్గించింది. "నేనే వినుండ్రి అన్న అని ఆమెకు తెల్వది మేడం. ఒక్కడే కొడుకు ఆమెకు."

"నేను చెప్పను."

"జనార్దనన్న కూడ చెప్పనన్నడు."

వెళ్లేటప్పుడు స్వరూప గుమ్మం దాకా వచ్చింది. లోపలి నుంచి రాజవ్వ "ఎవలు వచ్చిన్రు?" అని అడిగింది. "తెలిసినోళ్లే అత్తా," అంది స్వరూప.

*

విచారణ రేకులగూడెంలోనే, గని క్లబ్బు హాల్లో జరిగింది. అప్పటికి వానలు మొదలయ్యాయి. ఆ మధ్యకాలంలో హైమవతి ఇంట్లో ఒక్కసారి కూడా మెయిన్ స్విచ్ దించలేదు. చిన్మయి ఒక ఆదివారం చాప తెచ్చి పరిచింది. ఆమె ఆ చాప మీద కూతురి పక్కన పడుకుంది గానీ, ప్రోబు బయటికి తీయలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ ఉండిపోయింది. "ఇట్లా అయితే ఎవరైనా చూడగలరు కదమ్మా," అంది చిన్మయి. "అవును," అంది ఆమె.

హాలు నిండిపోయింది. ముందు వరసలో రాజవ్వ, పక్కన స్వరూప. కనకమ్మ రాలేదు, పుట్టింటికి వెళ్లిపోయిందన్నారు. విచారణ అధికారి పెద్దాయన, నెమ్మదిగా అడుగుతున్నాడు. నరహరిరావు వంతు వచ్చింది.

"ఊట పెరిగిందని తెలిసి కూడా పంపులు ఎందుకు ఆపారు?"

"నేను ప్రాణం ఉందన్న ఆధారం అడిగాను. నా మనుషుల్ని దించడానికి అది అవసరం. కానీ పంపులు ఆపడం మా అంతట మేము తీసుకున్న నిర్ణయం కాదు. ప్రమాదం ఏమిటో చెప్పాం. కుటుంబంవాళ్లే వినమన్నారు."

హాల్లో గుసగుసలు లేచాయి. రాజవ్వ తల తిప్పింది, ఏ మాటా జారిపోకుండా.

"కుటుంబంవాళ్లు అంటే ఎవరు?"

నరహరిరావు జనార్దన్ వైపు చూశాడు. జనార్దన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. స్వరూప ఒళ్లో చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

హైమవతి లేచింది. "నేను," అంది.

అధికారి ఆమె వైపు తిరిగాడు. "మీరు కుటుంబం కాదు కదమ్మా."

"కాదు. ఆయన పొరపాటుగా అర్థం చేసుకున్నారు. ఇంటివాళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. ఆధారం కావాలన్నారు, నా పరికరం చూపిస్తుందని నేను చెప్పాను. పంపులు ఆపమంది నేను."

"ఊట పెరిగిన సంగతి మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ పరికరం మీద పరీక్షలు పూర్తయ్యాయా?"

"లేదు."

నరహరిరావు ఏదో అనబోయి ఆగాడు. జనార్దన్ తల ఎత్తలేదు. ఇంకెవరైనా చెప్పాలా అని అధికారి అడిగాడు. ఎవరూ లేవలేదు.

నెల తిరక్కుండా ఫలితం వచ్చింది. పరీక్షలు పూర్తికాని పరికరాన్ని నమ్మి రక్షణ పనిని ఆపించినందుకు హైమవతిని తప్పుపట్టారు. ప్రోబు మీద పని ఆపేయమన్నారు. ఆమెను తిరిగి టవర్ల విభాగానికి పంపారు. బతికి వచ్చిన తిరుపతి, సమ్మయ్య ఆమె తరఫున మాట్లాడతామని హైదరాబాద్ వచ్చారు. ఆమె టీ ఇచ్చి, ఇంటి సంగతులు అడిగి, వద్దని చెప్పి పంపేసింది.

ఇదంతా తర్వాతి మాట. విచారణ రోజు ఆమె హాల్లోంచి బయటికి వచ్చేసరికి వాన జల్లు పడుతోంది. మెట్ల కింద రాజవ్వ నిలబడి ఉంది. అడుగుల చప్పుడు విని, "నువ్వేనా గా మేడం?" అని అడిగింది.

"నేనేనమ్మా."

రాజవ్వ చేయి చాచి ఆమె భుజం తడిమింది, మెడ తడిమింది, ముఖం తడిమింది. తర్వాత చెంప మీద కొట్టింది. బలం లేని దెబ్బ. మళ్లీ కొట్టింది. ఇలియాస్ ముందుకు రాబోతే హైమవతి చేత్తో ఆపింది.

"నా కొడుకు బతికే ఉండె కద," అంది రాజవ్వ. "నీకు కనబడె కద. కనబడంగ ఎట్ల ఆపితివి?"

వెనక నుంచి స్వరూప వచ్చి అత్త రెండు భుజాలూ పట్టుకుంది. ఆమె కళ్లు హైమవతి కళ్లను కలుసుకున్నాయి. ఏదో చెప్పబోయినట్టు పెదవులు కదిలాయి. హైమవతి వద్దన్నట్టు తల ఊపింది.

"పోదాం పా అత్తా. తడుస్తున్నవు," అంది స్వరూప. తన కొంగు తీసి ముసలామె తల మీద కప్పింది. రాజవ్వ కోడలి నడుము చుట్టూ చేయి వేసి, మొత్తం బరువు ఆమె మీదే మోపి నడిచింది. ఇద్దరూ కాలనీ వైపు మెల్లగా వెళ్లారు.

జీపులో చాలా దూరం వచ్చాక ఇలియాస్ అన్నాడు.

"మేడం, ఆపమని అడిగింది మీరు కాదు. పనంతా పోతుంది. మళ్లీ మనల్ని దాని దగ్గరికి రానివ్వరు."

"తెలుసు."

"మరెందుకు?"

హైమవతి చెంప తడుముకుంది. దెబ్బ నొప్పి అప్పటికే పోయింది.

"నేను హైదరాబాద్ పోతాను ఇలియాస్," అంది. "స్వరూప ఆ ఇంట్లోనే బతకాలి."